స్టేజీ మీద దర్శకుడి జోకు బెడిసికొట్టినప్పుడు: 2011 కేన్స్ ప్రెస్‌మీట్ నుంచి మన టీజర్ వేడుకల దాకా

మ్యాట్నీ_చూపు
మైకు పట్టుకుని దర్శకుడు వేసిన జోకు సినిమా మెడకే చుట్టుకోవడం కొత్తేమీ కాదు. ప్రతిసారీ రెండు రోజులు తిట్టుకుని వదిలేస్తున్నాం. ఈసారి ఒక కేసును పూర్తిగా విప్పి చూద్దాం. నేను డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ కేసు తీసుకుంటున్నాను. అక్కడ జరిగిందంతా కెమెరా ముందే జరిగింది కాబట్టి ఎవరేమన్నారన్న తగాదా లేదు.

2011 మే 18, ఫ్రాన్స్‌లోని కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో ఆయన సినిమా 'మెలంకోలియా' ప్రెస్‌మీట్. హిట్లర్ గురించి, యూదుల గురించి వాన్ ట్రియర్ జోకులు వేశారు. ఆ రోజే ఫెస్టివల్ ద్వారా క్షమాపణ వచ్చింది. మర్నాడు మే 19న ఫెస్టివల్ పాలకమండలి అత్యవసరంగా కూర్చుని, తక్షణం అమల్లోకి వచ్చేలా ఆయన్ని 'పర్సోనా నాన్ గ్రాటా', అంటే ఇక్కడికి రాకూడని మనిషి అని ప్రకటించింది. సినిమాను మాత్రం పోటీలోనే ఉంచింది. మే 22న అందులో నటించిన కిర్‌స్టెన్ డన్స్ట్‌కు ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

ఆపగలిగిన చోటు ఎక్కడ? క్షమాపణ చెప్పినా ఎందుకు సరిపోలేదు? ఇదే హైదరాబాద్‌లో జరిగితే మొదటి రోజు ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు కచ్చితమైన వివరాలతో రాయండి. అభిమాన సంఘాల గొడవలు దయచేసి ఇక్కడ వద్దు.

మైక్‌టెస్ట్
వేదిక పని వైపు నుంచి చెప్తాను.

బ్రిటిష్ పత్రిక విలేకరి అడిగిన ప్రశ్న ఆయన జర్మన్ మూలాల గురించి, నాజీల కళాభిరుచి మీద అంతకుముందు ఒక సినిమా పత్రికతో ఆయనే అన్న మాట గురించి. ఊహించలేని ప్రశ్న కాదు. మొదటి లోపం ఇక్కడే ఉంది. ఈమధ్య ఇచ్చిన ఇంటర్వ్యూల్లో చిక్కు తెచ్చే మాటలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి రెండు వాక్యాల జవాబు సిద్ధం చేసుకోవడం ప్రెస్‌మీట్ ముందురోజు పని. రెండే వాక్యాలు ఎందుకంటే, మూడో వాక్యం దగ్గర మనిషి అల్లడం మొదలుపెడతాడు.

ఇక జవాబు ఎలా జారిందో చూడండి. చాలాకాలం నేను యూదుణ్ణనుకున్నాను, సంతోషంగా ఉన్నాను అన్నారు. దర్శకురాలు సుసానే బియర్ మీద ఒక చురక వేశారు. ఆమె యూదు మహిళ, తన దేశమే. తర్వాత నిజానికి నేను నాజీనని తేలింది, మా కుటుంబం జర్మన్, హార్ట్‌మన్ వాళ్లం అన్నారు. అక్కడ హాల్లో కాస్త నవ్వు వచ్చింది. అక్కడే ఆగి 'అది జోకు, అసలు సంగతి ఇదీ' అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆగలేదు. హిట్లర్‌ని అర్థం చేసుకోగలను అన్నారు, చివర్లో బంకర్లో కూర్చున్న మనిషి నాకు కనిపిస్తాడన్నారు, కొంచెం సానుభూతి కూడా ఉందన్నారు. తర్వాత దాన్ని సర్దడానికి నేను యూదులకు వ్యతిరేకిని కాను అని, వెంటనే ఇజ్రాయెల్ మీద ఒక మోటు మాట విసిరారు. అప్పుడు ఆయనే పైకి అన్న మాట: ఈ వాక్యంలోంచి నేను బయటికెలా రావాలి? ఆ మాటతో ఆగినా కొంత నయం. మళ్లీ హిట్లర్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పియర్ ప్రతిభ దగ్గరికి వెళ్లి, చివరికి 'సరే, నేను నాజీనే' అని ముగించారు. తర్వాతి ప్రశ్న భారీ సినిమాల గురించి. దానికీ 'మేం నాజీలం' అనే ధోరణిలోనే జవాబు.

ఆ పక్కనే కూర్చున్న డన్స్ట్ ముఖం చూడండి. మొదట చిరునవ్వు. తర్వాత ఆ నవ్వు బిగుసుకుపోయి, చూపు ఆయన వైపు తిరిగి, మళ్లీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిందికి దిగుతుంది. ప్రపంచమంతా పంచుకున్న దృశ్యం అదే. మనవాళ్లు నేర్చుకోవాల్సిందీ అదే. జోకు తప్పిందో లేదో హాల్లో నవ్వును బట్టి తేల్చుకోకూడదు, పక్క కుర్చీలో ఉన్న మనిషి ముఖాన్ని బట్టి తేల్చుకోవాలి.

వేదిక నడిపేవారి తప్పు కూడా ఉంది. జవాబు అంతసేపు సాగుతుంటే మధ్యలో 'తర్వాతి ప్రశ్న' అనే అధికారం మోడరేటర్‌కు ఉంటుంది. ఆలస్యంగా 'ఇంకో ప్రశ్న' అని అందించినా, గట్టిగా ఆపలేదు.

బెంచీ_క్లాసు
ఒక్క సందేహం. అది తన మీద తాను వేసుకున్న జోకు కదా? నేను నాజీని అంటే, నన్ను చూసి నవ్వండి అనే కదా అర్థం? దానికి బహిష్కరణ ఎక్కువ కాదా?

రీలుపెట్టె
బెంచీ_క్లాసు గారూ, ఆ జోకు వెనక అసలు కథ తెలిస్తే మీ మాటలో సగం నిజం ఉంది. వాన్ ట్రియర్ తండ్రిగా పెంచిన ఉల్ఫ్ ట్రియర్ యూదు. 1989లో తల్లి మరణశయ్య మీద ఉండి చెప్పింది, నీ అసలు తండ్రి ఆయన కాదు, జర్మన్ మూలాలున్న హార్ట్‌మన్ అని. ముప్పై ఏళ్లు దాటాక ఒక మనిషి తన పుట్టుక గురించి విన్న మాట అది. యూదుణ్ణనుకున్నాను, కాదని తేలింది అన్న వాక్యం ఆ గాయంలోంచి వచ్చింది.

కానీ హాల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? జోకు అర్థం కావడానికి వినేవాడికి తెలియాల్సిన సమాచారం జోకు బయట ఉండిపోతే, చేతికి మిగిలేది మాట ఒక్కటే. ఇక్కడ మిగిలిన మాట 'హిట్లర్ మీద సానుభూతి'.

రెండోది, చోటు. కేన్స్ ఫెస్టివల్ పుట్టుకే ఫాసిజం మీద నిరసన. 1938లో వెనిస్‌లో ముసోలినీ పేరిట ఉన్న బహుమతి నాజీ జర్మనీ ఒలింపిక్స్ డాక్యుమెంటరీకి వెళ్లింది. దానికి జవాబుగా ఫ్రాన్స్ సొంత ఫెస్టివల్ పెట్టుకోవాలనుకుంది. 1939 సెప్టెంబరులో జరగాల్సింది యుద్ధం వల్ల ఆగి, 1946లో మొదలైంది. ఆ ఇంట్లో నిలబడి ఆ మాట అన్నారు. పైగా అది నాజీల ఆక్రమణ కాలంలో యూదులను రైళ్లెక్కించి మరణ శిబిరాలకు పంపిన దేశం. అక్కడ జాతి విద్వేష ప్రసంగం మీద 1972 నుంచి, హోలోకాస్ట్‌ను, అంటే నాజీలు చేసిన యూదుల ఊచకోతను నిరాకరించడం మీద 1990 నుంచి ప్రత్యేక చట్టాలున్నాయి.

కాబట్టి ఎక్కువా తక్కువా అని తూచేటప్పుడు మాటను మాత్రమే తూకంలో వేస్తే చాలదు. ఏ గడప మీద నిలబడి అన్నామన్నదీ అందులో పడుతుంది.

మ్యాట్నీ_చూపు
సినిమాను పోటీలో ఉంచి, మనిషిని మాత్రం బయటికి పంపారు చూడండి, నాకు ఆ తీర్పు నచ్చింది. కెమెరామన్, ఎడిటర్, నటీనటులు, సెట్ వేసినవాళ్లు, ఇంతమంది పని ఒక్కడి నోటికి బలి కాకూడదు. మన దగ్గర జోకు వేసింది దర్శకుడైతే 'సినిమా బహిష్కరించండి' అనే పిలుపు ముందొస్తుంది.

ప్రెస్‌నోట్
క్షమాపణ ఎందుకు సరిపోలేదన్న ప్రశ్నకు వస్తాను. ఆ రోజు వచ్చిన ప్రకటన సారాంశం ఇది: ఈ ఉదయం నా మాటల వల్ల ఎవరినైనా బాధపెట్టి ఉంటే మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాను, నేను యూదు వ్యతిరేకిని కాను, జాతి దురభిమానిని కాను, నాజీని కాను.

ఇది తెలుగులో మనకు బాగా తెలిసిన వాక్యమే. 'ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే'. ఇందులో మూడు రంధ్రాలున్నాయి.

'ఉంటే'. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇంకా తేలలేదు అంటున్నాం. తగిలిందని అవతలివాళ్లు అప్పటికే అరుస్తున్నారు.

'ఎవరివైనా'. ఎవరినన్నామో ఆ మనిషి పేరు లేదు. గుంపుకు చెప్పిన క్షమాపణ ఒక్కరికీ చెందదు.

'దెబ్బతిని'. ఇది తెలుగులో బాగా ముదిరిన జబ్బు. మన భాషలో చేసినవాణ్ణి దాచేసే క్రియలు బోలెడు. 'నోరు జారింది', 'మాట దొర్లింది', 'పొరపాటు జరిగిపోయింది', 'మనసులు నొచ్చుకున్నాయి'. జారింది నోరు, దొర్లింది మాట, నొచ్చుకున్నవి మనసులు. 'నేను' ఎక్కడా లేడు. 'నేను అన్నాను, అది తప్పు' అనే వాక్యం రాస్తే నాలుగు పదాలు. ఆ నాలుగు పదాలు రాయించడానికే పీఆర్ మనిషి, అంటే ప్రచార వ్యవహారాలు చూసేవాడు, దర్శకుడి పక్కన గంటసేపు కూర్చోవాలి.

వాన్ ట్రియర్ విషయంలో తర్వాత జరిగింది ఇంకా నష్టం. కొన్ని నెలలకే ఒక పత్రిక ఇంటర్వ్యూలో, అన్నదానికి నేను చింతించడం లేదు, అది జోకని స్పష్టంగా చెప్పలేకపోయినందుకే చింత అన్నారు. దాంతో మే నాటి క్షమాపణ చిత్తుకాగితం అయింది. అక్టోబరు 5న డెన్మార్క్ పోలీసులు ఫ్రాన్స్ తరఫున ఆయన్ని ప్రశ్నించారు. అదే రోజు ఆయన ప్రకటన ఇచ్చారు: నా భావాన్ని అపార్థానికి తావు లేకుండా చెప్పే నేర్పు నాకు లేదని గ్రహించాను, ఇకమీదట బహిరంగ ప్రకటనలు, ఇంటర్వ్యూలు మానేస్తున్నాను అని. మొత్తం వ్యవహారంలో సొంత లోపాన్ని సూటిగా ఒప్పుకున్న వాక్యం అదొక్కటే. దాదాపు అయిదు నెలలు ఆలస్యంగా వచ్చింది.

డబ్బింగ్_థియేటర్
భాష విషయం ఒకటి కలుపుతాను. వాన్ ట్రియర్ మాతృభాష డేనిష్, జోకు వేసింది ఇంగ్లిష్‌లో. పరభాషలో వ్యంగ్యం పలకాలంటే స్వరం దించడం, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపడం, ముఖం, అన్నీ కుదరాలి. పత్రికలో అచ్చయ్యేసరికి అవేవీ ఉండవు.

మన దగ్గర ఇది తిరగబడి వస్తుంది. తెలుగులో వేదిక మీద అన్న మాటకు ఎవరో ఇంగ్లిష్‌లో, హిందీలో సబ్‌టైటిల్ వేసి 20 సెకన్ల నిలువు క్లిప్‌గా వదులుతారు. 'ఏమ్మా', 'ఏరా', 'అది', 'పిల్ల' లాంటి మాటల్లోని చనువు అనువాదంలో పోతుంది, మోటుతనం మిగులుతుంది. కాబట్టి గొడవ మొదలైన వెంటనే యూనిట్ చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ 20 సెకన్లకు ముందు, వెనక రెండేసి నిమిషాలు విని, ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసి, నిజాయితీగా ఇంగ్లిష్ చేసి దగ్గర పెట్టుకోవాలి. మాట తగ్గించి అనువదిస్తే పట్టుబడతారు, అప్పుడు రెండో గొడవ.

అన్నిటికీ 'సందర్భం లేకుండా కత్తిరించారు' అనే మందు పనిచెయ్యదు. ఆ నాలుగు నిమిషాలూ విన్నాక కూడా మాట చెడ్డగానే వినిపిస్తే, సందర్భం అనే పదం ఎత్తకపోవడమే మంచిది.

బెంచీ_క్లాసు
మనవాళ్ల కేసు ఒకటి తీసుకుని ఈ కొలతలతో చూద్దామా?

ప్రెస్‌నోట్
2025 జనవరి 12, హైదరాబాద్‌లో 'మజాకా' టీజర్ వేడుక. దర్శకుడు త్రినాథరావు నక్కిన నటి అన్షు శరీరం గురించి వేదిక మీద మాట్లాడారు. ఆ మాటలు ఇక్కడ మళ్లీ రాయనక్కర్లేదు. అదే ప్రసంగంలో రీతూ వర్మ పేరు మరిచిపోయినట్టు నటించిన జోకు కూడా వేశారు. మర్నాటికే తెలంగాణ మహిళా కమిషన్ ఛైర్‌పర్సన్ నేరెళ్ల శారద దీన్ని కమిషన్ తనంతట తానుగా విచారణకు తీసుకుంటోందని చెప్పారు. దర్శకుడు వీడియోలో క్షమాపణ చెప్పారు. నవ్వించాలన్నదే ఉద్దేశమని, అయినా తప్పు తప్పేనని, అన్షుకు, మహిళలందరికీ క్షమాపణలని.

కొలతల ప్రకారం చూస్తే, ఎవరినన్నారో ఆ పేరు చెప్పారు. తప్పు అన్న మాట వాడారు. కాగితం మీద ప్రకటన కాకుండా ముఖం చూపించి చెప్పారు. ఈ మూడూ మంచివి. ఉద్దేశం ముచ్చట మాత్రం చివర్లో రావాలి, అసలు రాకపోయినా నష్టం లేదు. నవ్వించాలనుకున్నాను అనగానే వినేవాడు 'అయితే దీనికి నవ్వాలా' అనుకుంటాడు.

అదే కొలతతో ఇంకో రెండు చూడండి. 2017 మహిళా దినోత్సవం రోజు సన్నీ లియోనీ పేరు తెచ్చి రామ్‌గోపాల్ వర్మ ట్వీట్ వేశారు. గొడవయ్యాక క్షమాపణ చెప్పారు గానీ, అది నిజంగా నొచ్చుకున్నవాళ్లకే, ప్రచారం కోసం అరిచినవాళ్లకు కాదని గీత గీశారు. నొచ్చుకున్నవాళ్లను వడపోసే పని క్షమాపణ చెప్పేవాడిది కాదు. ఆ గీతతో క్షమాపణ రెండో వివాదమైంది.

2025 ఏప్రిల్‌లో 'ఫూలే' సినిమా వివాదం నడుస్తుండగా అనురాగ్ కశ్యప్ బ్రాహ్మణుల మీద ఒక వ్యాఖ్యకు బూతు జవాబు ఇచ్చారు. మొదటి క్షమాపణలో, ఇది నా పోస్టుకు కాదు, సందర్భం తప్పించి తీసిన ఒక్క వాక్యానికి అన్నారు. మంట తగ్గలేదు. నాలుగు రోజులకు రెండోసారి రాశారు, కోపంలో హద్దు మరిచాను, ఒక్కడికి జవాబిస్తూ సమాజం మొత్తాన్ని అన్నాను అని. ఆ రెండోది మొదటే రావాల్సింది.

నల్లకోటు
చట్టం సంగతి నేను రాస్తాను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ నడుస్తోంది. పాత ఐపీసీ నంబర్లతో ఇంకా వార్తలు రాస్తున్నారు, గందరగోళపడకండి.

మహిళ గౌరవాన్ని అవమానించే ఉద్దేశంతో అన్న మాట: సెక్షన్ 79 (పాత 509). 3 ఏళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా. బెయిలు వస్తుంది. లైంగిక ధ్వని ఉన్న వ్యాఖ్య: సెక్షన్ 75 (పాత 354ఏ), ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మతం మీద జోకైతే సెక్షన్ 299 (పాత 295ఏ), వర్గాల మధ్య వైరం పెంచారంటే 196 (పాత 153ఏ). రెండూ నాన్‌బెయిలబుల్, 3 ఏళ్ల దాకా. ఈ రెండింటిలో ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసును విచారణకు స్వీకరించకూడదు.

ఎస్సీ, ఎస్టీ వర్గాల వ్యక్తిని అందరి ముందు కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, 6 నెలల నుంచి 5 ఏళ్లు. ఆ చట్టంలోని సెక్షన్ 18 ముందస్తు బెయిలుకు అడ్డు. వేదిక మీద కులం జోకు వేసేవాళ్లకు ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇక జరిగే క్రమం. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా ముందు బీఎన్‌ఎస్‌ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, 35(3) కింద హాజరు కావాలని నోటీసు వస్తుంది. నోటీసు ప్రకారం హాజరవుతుంటే, కారణాలు రాసి ఉంచకుండా అరెస్టు చెయ్యకూడదు. నోటీసు తీసుకోకుండా ఊరు దాటడమే అరెస్టుకు దారి వేస్తుంది. 3 నుంచి 7 ఏళ్ల లోపు శిక్షలున్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు అదే చట్టం 173(3)లో ఉంది. ఒకే మాట మీద పది ఊళ్లలో పది ఎఫ్‌ఐఆర్‌లు పడితే, వాటిని ఒకచోట కలపమని సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు.

మహిళా కమిషన్ వేరే దారి. పిలిపించగలదు, వివరణ అడగగలదు, సిఫారసు చెయ్యగలదు. జైలు శిక్ష వేసే అధికారం దానికి లేదు. కానీ అక్కడికి వెళ్లి 'సరదాగా అన్నాను' అని రాసిచ్చిన కాగితం రేపు కోర్టులో మీ ముందుకే వస్తుంది. రాతపూర్వకంగా ఏదిచ్చినా న్యాయవాది చూశాకే ఇవ్వాలి.

బెంచీ_క్లాసు
నల్లకోటు గారూ, ఇలా అయితే దేవుడి పేరెత్తిన ప్రతి జోకూ కేసేనా? హాస్యం బతికేదెలా?

నల్లకోటు
కాదు. 299లో కీలకం 'ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో' అన్న మాట. దీనికి మన అనంతపురం నుంచే వెళ్లిన కేసుంది. పత్రిక ముఖచిత్రంలో ధోనీని విష్ణువు రూపంలో చూపించారని అక్కడ ఫిర్యాదు పడింది. 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అజాగ్రత్తతోనో, దురుద్దేశం లేకుండానో అన్నది ఈ సెక్షన్ కిందికి రాదంది. 2018లో హైదరాబాద్ ఫలక్‌నుమా స్టేషన్లో ఒక మలయాళ పాట మీద పడిన ఎఫ్‌ఐఆర్, నటి ప్రియా ప్రకాశ్ వారియర్, దర్శకుడు ఒమర్ లులు కేసు, అదీ ఆ ఏడాది ఆగస్టు 31న పోయింది.

అయితే ఈ రక్షణ మతం జోకుకు. పక్కన నిలబడ్డ ఒక మహిళ శరీరం మీద వేసిన జోకుకు ఈ తీర్పులు తెచ్చి అడ్డం పెట్టడం కుదరదు. ఒక ఆలోచనను ఎగతాళి చెయ్యడం వేరు. మీ దగ్గర పారితోషికం తీసుకుంటూ, అదే వేదిక మీద ఉన్నందువల్ల తిరిగి మాట అనలేని మనిషిని ఎగతాళి చెయ్యడం వేరు.

రీలుపెట్టె
హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ గన్ కేసు ఎవరూ తేలేదు. దారి వేరు కాబట్టి రాస్తున్నాను. 2018 జులైలో ఆయన దాదాపు పదేళ్ల కిందట వేసిన ట్వీట్లు బయటికి లాగారు. పిల్లల మీద లైంగిక దాడి గురించిన జోకులు అవి. జులై 20న డిస్నీ ఆయన్ని 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' మూడో భాగం నుంచి తీసేసింది. అదే రోజు ఆయన ఇచ్చిన ప్రకటనలో, అవి విఫలమైన, దురదృష్టకరమైన ప్రయత్నాలని, ఎంత కాలం గడిచినా కంపెనీ నిర్ణయాన్ని అంగీకరిస్తున్నానని రాశారు. రాజకీయ కక్షతో తవ్వితీశారన్నది నిజమే. అయినా ఆయన ఆ వాదన ఎత్తుకోలేదు. తర్వాత మీడియాలో తగువు పెట్టుకోలేదు. జులై 30న నటీనటులు మద్దతు లేఖ రాశారు. 2019 మార్చి 15న ఆయన్ని మళ్లీ తీసుకున్నట్టు వార్త వచ్చింది.

వాన్ ట్రియర్‌కు కేన్స్ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఏడేళ్లు పట్టింది. 2014లో బెర్లిన్ ఫెస్టివల్లో కేన్స్ తాటాకు గుర్తు, కింద 'పర్సోనా నాన్ గ్రాటా' అని రాసిన టీషర్టు వేసుకుని ఫొటోలకు నిలబడ్డారు, ప్రెస్‌మీట్‌కు మాత్రం రాలేదు. 2018లో కేన్స్‌కు వచ్చారు, అదీ పోటీ విభాగానికి బయట. ఏడేళ్లకూ ఎనిమిది నెలలకూ మధ్య తేడా మొత్తం క్షమాపణదే అనను, స్టూడియో లెక్కలు వేరు, ఫెస్టివల్ లెక్కలు వేరు. కానీ చెప్పిన క్షమాపణను తర్వాత తానే కొట్టేసుకోకపోవడం గన్‌కు కలిసొచ్చింది.

మ్యాట్నీ_చూపు
ఇప్పుడు మొదటి రోజు పని. మైక్‌టెస్ట్, ప్రెస్‌నోట్ గార్లు గంటల వారీగా చెప్పగలరా?

మైక్‌టెస్ట్
వేదిక మీద ఉండగానే మొదటి నిమిషం యాంకర్ చేతిలో ఉంటుంది. ఆ మాటకు నవ్వకూడదు, దాన్ని తిరిగి పలక్కూడదు, 'సార్ భలే సరదా మనిషి' అని పూత పుయ్యకూడదు. తర్వాత మాట్లాడాల్సిన వ్యక్తిని పేరు పెట్టి పిలిచెయ్యాలి. నిర్మాత కిందనే ఉంటే దర్శకుడు దిగకముందే చీటీ పంపి, అదే మైకులో అక్కడే 'ఇందాక అన్న మాట తప్పు, ఆమెకు క్షమాపణ' అనిపించగలిగితే రేపటి వార్త సగం చస్తుంది. క్లిప్ కత్తిరించేవాడికి క్షమాపణ కూడా అదే వీడియోలో దొరుకుతుంది.

లైవ్‌కు 30 సెకన్ల డిలే పెట్టుకోవచ్చు. ఎన్‌కోడర్‌లో, అంటే వీడియోను ప్రసారానికి పంపే పరికరంలో ఉండే సెట్టింగే. కానీ చానళ్లకు వెళ్లే ఫీడ్ విడిపోకముందే పెట్టాలి. యూట్యూబ్‌కు మాత్రమే పెట్టి చానళ్లకు నేరుగా వదిలితే పెట్టీ లాభం లేదు. డిలే ఉన్నప్పుడు స్లైడుకు మార్చే బటన్ మీద ఒక మనిషి వేలు ఉండాలి, ఆ మనిషికి తెలుగు రావాలి. హాల్లో ఉన్న వందల ఫోన్లను ఏ డిలే ఆపదు. అందుకే అసలు పని మైకు ఇవ్వకముందే. దర్శకుడి చేతికి అరచేయంత కార్డు, దానిమీద కృతజ్ఞతలు చెప్పాల్సిన పేర్లు, సినిమా గురించి మూడు మాటలు. నటీమణుల గురించి మాట్లాడాల్సింది పాత్ర గురించి, పని గురించి. పేరు మరిచిపోయే జోకు, బరువు జోకు, వయసు జోకు, పెళ్లి జోకు, ఈ నాలుగూ వద్దని ముందే నోటితో చెప్పాలి.

ప్రెస్‌నోట్
దిగిన తర్వాత సంగతి. మొదటి గంటలో ఎవరూ ఏదీ పోస్టు చెయ్యకూడదు. దర్శకుడి ఫోన్ ఎవరి చేతికైనా ఇచ్చెయ్యాలి. అభిమానులను ఎదురుదాడికి దింపడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ ఎదురుదాడి పడేది ఎప్పుడూ మాట పడ్డ మనిషి మీదే.

రెండో గంటలో దర్శకుడు ఆ మనిషికి స్వయంగా ఫోన్ చెయ్యాలి. మేనేజర్‌తో చేయించకూడదు. 'నీకేం అభ్యంతరం లేదు కదా' అని అడగకూడదు. అది క్షమాపణ రూపంలో ఉన్న ఒత్తిడి. 'తప్పుగా మాట్లాడాను, అందరి ముందూ చెప్పబోతున్నాను' అని చెప్పి పెట్టెయ్యాలి.

ఆరు గంటల లోపు వీడియో. 40 సెకన్లు చాలు. వెనక సినిమా పోస్టర్ వద్దు, సంగీతం వద్దు, విడుదల తేదీ అసలే వద్దు. నమూనాగా:

'ఆదివారం వేడుకలో మా సినిమాలో నటించిన ఆమె శరీరం గురించి నేను మాట్లాడాను. అది అవమానకరమైన మాట. ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు మీ అందరి ముందూ ఆమెకు క్షమాపణ చెబుతున్నాను. మా చానల్లో ఉన్న వీడియోలోంచి ఆ భాగం తీసేయించాను.'

ఇందులో ఆమె అని ఉన్నచోట పేరు రావాలి. 'ఉంటే' లేదు, 'ఎవరివైనా' లేదు, 'జారింది' లేదు.

నల్లకోటు
ఆ చివరి వాక్యానికి ఒక షరతు. తీసెయ్యడానికి ముందు కెమెరా నుంచి వచ్చిన ముడి ఫుటేజీ కాపీ చేసి భద్రం చెయ్యాలి. సాక్ష్యంగా కోర్టుకు రాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చెయ్యడం బీఎన్‌ఎస్ 241 కింద నేరం. రేపు మీరే ఆ వీడియో చూపించాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని చూపే కోడ్ రాయాలి. కాపీ తీసిన రోజే ఆ విలువ రాయించుకుంటే పని తేలిక.

డబ్బింగ్_థియేటర్
మాట పడ్డ మనిషి గురించి ఎవరూ అడగలేదు. 'మజాకా' విషయంలో అన్షు దర్శకుడికి అండగా ఒక వీడియోలో మాట్లాడారు. ఆమె మాట ఆమెది, దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. కానీ అలాంటి మద్దతు వస్తే యూనిట్ దాన్ని తమ పేజీలో పెట్టి 'చూశారా, ఆమెకే అభ్యంతరం లేదు' అని వాడుకోవచ్చా?

ప్రెస్‌నోట్
వాడుకోకూడదు. అలా చేసిన క్షణం క్షమాపణ మొత్తం వెనక్కి పోతుంది. ఆ మాట విన్న మిగతా ఆడవాళ్లు, రేపు అదే వేదిక ఎక్కాల్సిన కొత్త అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు, వీళ్లెవరి తరఫునా ఆమె మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ ఆమెకు లేదు. ఆమె పెట్టుకుంటే ఆమె పేజీలో ఉంటుంది. యూనిట్ పేజీ లైక్ కూడా కొట్టకూడదు.

ఇంకొకటి. ఆ తర్వాత మొదటి ఇంటర్వ్యూలో దీని మీద ప్రశ్న వస్తుంది, తప్పదు. అప్పుడు 'ఆ రోజు చెప్పాను, అదే నా మాట' అని ఒక్క వాక్యం. యాంకర్ ఎంత తవ్వినా రెండో వాక్యం వద్దు. ఇంటర్వ్యూ ఒప్పుకునే ముందే పీఆర్ మనిషి ఆ గదిలో కూర్చుంటానని మాట తీసుకోవాలి.

మైక్‌టెస్ట్
ఆ పీఆర్ మనిషిని కెమెరా వెనక కూర్చోబెట్టండి, దర్శకుడి కంటికి ఎదురుగా. పక్కన కూర్చోబెడితే ఉపయోగం ఉండదు.